స్కిబరీన్‌లో మామగారి ఊరు వెతుక్కుంటూ

మా మామగారి పూర్వీకులు ఐర్లండ్‌లోని కార్క్ కౌంటీ నుంచి 1840ల నాటి పెద్ద కరువు రోజుల్లో అమెరికా వలస వచ్చారు. ఇంటిపేరు ఓడ్రిస్కాల్. ఒంట్లో ఓపిక ఉండగానే ఆ ఊరు చూడాలని ఆయన పట్టుబడితే మా ఆయనా నేనూ తీసుకెళ్లాం.

ఇదే పని మీద వెళ్లేవాళ్లు డబ్లిన్‌లో ఎక్కువ రోజులు పెట్టుకోకండి. నేషనల్ లైబ్రరీలోని కాథలిక్ చర్చి రిజిస్టర్లు 2015 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితం. 1901, 1911 జనాభా లెక్కలూ అంతే. అంతకు ముందు లెక్కల్లో మిగిలింది చాలా తక్కువ. కొన్ని 1922లో, రికార్డుల ఆఫీసు ఉన్న డబ్లిన్ కోర్టు భవనం ఫోర్ కోర్ట్స్ మంటల్లో పోయాయి, కొన్నిటిని ప్రభుత్వమే నాశనం చేసింది. డబ్బు తీసుకుని వెతికిపెడతామన్న ఒక సంస్థ చివరికి మా చేతిలో పెట్టింది ఆన్‌లైన్ పేజీల ప్రింట్లే. ప్రాణం ఉసూరుమంది.

అసలు పని జరిగింది కార్క్ కౌంటీలోని స్కిబరీన్ అనే ఊళ్లో, అక్కడి హెరిటేజ్ సెంటర్‌లో. ఆ చుట్టుపక్కల ఓడ్రిస్కాల్‌లు కోకొల్లలు, ప్రతి ఇంట్లో జెరెమయా అనే పేరువాడు ఒకడు. జ్ఞానస్నానం రిజిస్టర్లో తల్లిదండ్రుల పక్కనే జ్ఞాన తల్లిదండ్రుల (బిడ్డకి సాక్షిగా నిలబడేవాళ్లు, ఎక్కువగా బంధువులో ఇరుగుపొరుగో) పేర్లూ ఉంటాయి, వాటిని వదలొద్దని అక్కడి ఆవిడ చెప్పింది. మామగారి వాళ్ల ముగ్గురు పిల్లల దగ్గర జ్ఞాన తల్లిదండ్రులుగా ఒకే ఇంటిపేరు మళ్లీ మళ్లీ కనిపించింది. ఆ పేరు పట్టుకుని గ్రిఫిత్ వాల్యుయేషన్ చూశాం. 1847–1864 మధ్య అచ్చయిన ఆ పుస్తకాల్లో మన అడంగల్‌లాగా భూమి ఎవరిది, అనుభవంలో ఎవరున్నారు అని ఉంటుంది. అప్పటికే ఓడ ఎక్కేసిన మామగారి వాళ్లు అందులో లేరు గానీ, ఆ జ్ఞాన తల్లిదండ్రుల ఇంటిపేరువాళ్లు రెండు టౌన్‌ల్యాండ్‌లలో ఉన్నారు. టౌన్‌ల్యాండ్ అంటే అక్కడి భూమి లెక్కల్లో అతి చిన్న విభాగం, మామూలుగా కాసిని ఇళ్లు, పొలాలు. ఆ రెండిట్లో ఏదన్నది తేలలేదు, రెండూ చూసొచ్చాం.

కరువులో పోయినవాళ్లని వేలల్లో పూడ్చిన ఆబీస్ట్రూరీ శ్మశానం ఊరి పక్కనే ఉంది. మామగారు అక్కడ చాలాసేపు కూర్చున్నారు. తొందరపడకుండా వెళ్లండి.

మేం దిగిన ఇల్లు ఊరి బయట పొలంలో. టిఫిన్ బ్రహ్మాండం, మెట్లు మాత్రం పెద్దవాళ్లకి కష్టం, కింది గది అడిగి తీసుకోండి. కారు లేకపోతే టౌన్‌ల్యాండ్‌లు తిరగలేరు. డ్రైవింగ్ మనలాగే ఎడమవైపు, కానీ ఎదురుగా బండి వస్తే ఒకరు వెనక్కి తీయాల్సినంత సన్నటి దారులు. హెరిటేజ్ సెంటర్ చలికాలంలో మూస్తారు. వేళలు కనుక్కుని, మీ దగ్గరున్న పేర్లూ సంవత్సరాలూ ముందే వాళ్లకి మెయిల్ చేసి, ఆ తర్వాతే విమానం టికెట్లు తీసుకోండి.