వెనిస్ బాకరోలు: గైడ్‌తోనా, సొంతంగానా?

వెనిస్‌లోని కన్నరేజో అనే పేటలో బాకరోలు, అంటే నిలబడి తాగే చిన్న వైన్ బార్లు, చుట్టి రావాలంటే గ్రూప్ టూర్‌లో చేరొచ్చు, లేదా మిసెరికోర్డియా కాలువ గట్టు పట్టుకుని మనమే వెళ్లొచ్చు. టూర్‌లో టెన్షన్ ఉండదు, నలుగురు పరిచయమవుతారు, అద్దాల వెనక పేర్చిన చికెట్టిల్లో, అంటే వైన్‌తో తినే చిన్న చిరుతిళ్లలో, ఏది చేపో ఏది మాంసమో గైడే చెబుతారు (మన శాకాహారులకు పెద్ద ఊరట). కానీ అంతమంది ఒకేసారి ఆ ఇరుకు కొట్లోకి దూరితే రోజూ వచ్చేవాళ్లకు కౌంటర్ దగ్గర చోటే దొరకదు, అది నాకు అస్సలు నచ్చదు. సొంతంగా వెళ్తే ఒక ఓంబ్రా, అదే చిన్న గ్లాసు వైన్, రొట్టె ముక్క మీద వెన్నలా తెల్లగా పరిచిన ఎండు కాడ్ చేప ముద్ద, నచ్చితే ఇంకోటి, లేదంటే పక్క బార్. ఖర్చూ తక్కువే. ఇద్దరు ముగ్గురుంటే సొంతంగానే వెళ్లండి, ఒంటరిగా ఉంటే మాత్రం మొదటి సాయంత్రానికి టూరే మేలు.