నాన్న యెజ్డీ, అమ్మ బీపీ మిషన్: ఆరేళ్లు నడిపాక

ఈ యెజ్డీ మోటార్‌సైకిల్ ఎన్ని సీసీలు, మైలేజీ ఎంత, కిక్ రాడ్డే గేర్ రాడ్డు ఎలా అవుతుంది, ఇవన్నీ ఇది చదివేవాళ్లకు ఎలాగూ తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది ఒక ఆయిల్ సీలు గురించి, అంటే తిరిగే ఇరుసు చుట్టూ నూనె, గాలి దాటకుండా పట్టి ఉంచే రబ్బరు రింగు. నూటయాభై రూపాయలు పెట్టి కొన్నాను. క్రాంకుకు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసుకు, కుడిపక్క, కరెంటు పుట్టించే డైనమో వెనకాల కూర్చుంటుంది, విప్పితే తప్ప కనపడదు. దాని మూలంగా పది నెలల పాటు పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్‌ను అనుమానించాను, ఇంకో కార్బొరేటర్ కొన్నాను, కొత్తగా వేసిన పిస్టన్‌ను పాడుచేసుకోబోయాను. ఇంట్లో టూ స్ట్రోక్ బండి బాగుచేసుకుందామని దిగేవాళ్లు ఎవరూ ఆ పది నెలలు పోగొట్టుకోకూడదు.

మాది 1976 యెజ్డీ 250. నాన్న 1984లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా చాలా ఏళ్లు తిప్పారు. తర్వాత మోకాళ్లు సహకరించక, కిక్ కొట్టలేక, పెరట్లో రేకుల షెడ్డులో పెట్టేశారు. 2019 వేసవిలో నేను బయటికి లాగేసరికి ట్యాంకు నిండా తుప్పు, సీటులో ఎలుకల గూడు. ట్యాంకులో రెండు గుప్పెళ్లు సన్న కంకర, సర్ఫు నీళ్లు పోసి మూడు రోజులు పొద్దునా సాయంత్రం ఊపాను. విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లి బోరు కొట్టించి, అంటే సిలిండర్ లోపల కాస్త చెక్కించి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించాను, క్రాంకుకు కొత్త కనెక్టింగ్ రాడ్డు, బేరింగులు. మిగతాదంతా ఇంటి దగ్గరే, ఆదివారాలు కూర్చుని చేసుకున్నదే. రంగు, క్రోమియం సంగతి చెప్పడానికేమీ లేదు, డబ్బు పెడితే వస్తాయి.

టైమింగ్, అంటే ప్లగ్‌లో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో, అది మాత్రం ఎవరికీ అప్పగించకుండా నేనే పెట్టాను. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొన్న డయల్ గేజ్‌ను ప్లగ్ కన్నంలో నిలబెట్టి, పిస్టన్ పైకొచ్చే చోటు చూసుకుని, అక్కణ్ణించి మూడు మిల్లీమీటర్లు వెనక్కి తిప్పి, సరిగ్గా అక్కడే ఆ రవ్వను పుట్టించే పాయింట్లు విడిపోయేలా ప్లేటు బిగించాను. పాయింట్ గ్యాపు 0.4 మిల్లీమీటరు. చిన్న బల్బు కట్టుకుంటే ఎప్పుడు విడిపోతున్నాయో కంటికి తెలుస్తుంది. జికోవ్ కార్బొరేటర్ మీద బటన్ నొక్కి పెట్రోలు చుక్క కారేదాకా పట్టుకుని కొడితే ఒక్క కిక్కుకే అందుకుంది. పదమూడేళ్ల తర్వాత! ఆ రోజు నాకు తెలిసిన ప్రతివాడికీ ఫోన్ చేసి చెప్పాను, ఇలాంటి బండి ఇప్పుడు ఏ కంపెనీ చెయ్యలేదు అని.

రెండు వారాలు గడిచాక వరండాలో కూర్చున్న నాన్నే పట్టుకున్నారు.

“బండి ఏడుస్తోందిరా. దీని స్లో ఇలా ఉండేది కాదు.”

నిజమే. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసినా రొద వెంటనే దిగట్లేదు. మూడు నాలుగు సెకన్లు అలాగే పైన తేలుతూ ఉండి అప్పుడు దిగుతోంది. సరేలే, యాక్సిలరేటర్ వదిలేసినప్పటి వేగం పెట్టే స్లో స్క్రూ ఎక్కువైంది అనుకుని తగ్గించాను. తగ్గిస్తే చల్లగా ఉన్నప్పుడు ఆగిపోతోంది, వేడెక్కితే మళ్లీ అదే ఏడుపు. కార్బొరేటర్ విప్పి పెట్రోల్‌తో కడిగి, పెట్రోలు వదిలే సన్న కన్నాల జెట్లు ఊది, మళ్లీ బిగించాను. పెట్రోలు ఎక్కువ రావడానికి నీడిల్ ఒక గాడి పైకెత్తాను. కాస్త తగ్గినట్టే అనిపించింది. మెయిన్ జెట్ ఒక సైజు పెంచాను. ఇంకాస్త తగ్గింది. నన్ను పక్కదారి పట్టించింది ఈ ‘కాస్త తగ్గడమే’. ఎక్కణ్ణించో దొంగగాలి లోపలికి పోతుంటే నేను దానికి సరిపడా పెట్రోలు పెంచుకుంటూ పోయానన్నమాట. రోగం అలాగే ఉంది, పైకి మాత్రం కప్పబడిపోయింది. ఈ లోపు అందరూ చెప్పారని మికార్బ్ వీఎం 24 కార్బొరేటర్ కూడా తెచ్చి మార్చాను. రెండు వారాలు బాగున్నట్టనిపించింది, తర్వాత షరా మామూలే.

అసలు సంగతి పొన్నూరు రోడ్డు మీద బయటపడింది. మార్చి నెల, పదకొండున్నర ఎండ. రోడ్డు ఖాళీగా ఉందని కాసేపు డెబ్బైకి పైన లాగి, ఎదురుగా ట్రాక్టర్ వస్తే యాక్సిలరేటర్ వదిలాను. రొద దిగలేదు సరికదా, సన్నగా కీచుమని ఒక శబ్దం వచ్చి, ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టు బండి మొరాయించింది. చెయ్యి దానంతటదే క్లచ్ మీదికి పోయింది కాబట్టి వెనక చక్రం పట్టెయ్యలేదు. పక్కకు తీసి తుమ్మచెట్టు కింద నిలబెట్టి అరగంట కూర్చున్నాను. చల్లారాక కిక్ కదిలింది. ఇంటికి ముప్పైలో వచ్చాను, వచ్చి హెడ్ విప్పితే పిస్టన్ సైలెన్సర్ వైపు నిలువునా నాలుగు గీతలు. సిలిండర్‌కు అల్యూమినియం అంటుకుంది. సన్న ఎమరీ కాగితంతో తీసేస్తే పోయింది, ఆ పిస్టనే ఇప్పటికీ నడుస్తోంది. ఇంకో కిలోమీటరు లాగి ఉంటే మళ్లీ బోరే.

అప్పుడు మా తెనాలిలో డెబ్బై దాటిన ఒక మేస్త్రీగారి దగ్గరికి వెళ్లాను. ఆయన షెడ్డు ఎత్తేసి చాలాకాలమైంది. చెప్పిందంతా విని, “గాలి తాగుతోంది బాబూ. కార్బొరేటర్ వదిలెయ్, కిందకి చూడు” అన్నారు. టూ స్ట్రోక్‌లో పిస్టన్ కింద ఉండే క్రాంక్ కేసు కూడా పంపులా పనిచేస్తుంది కదా, పిస్టన్ పైకి పోతుంటే పీలుస్తుంది, కిందికి వస్తుంటే నొక్కుతుంది. ఎక్కడ సందున్నా కార్బొరేటర్‌తో పనిలేకుండా ఉత్తి గాలి పీల్చుకుంటుంది. పెట్రోలు తగ్గితే వేడి, ఆయిలు పెట్రోల్లోనే కలిసి వస్తుంది కాబట్టి ఆయిలూ తగ్గినట్టే. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. తెలిసీ అటు చూడలేదు.

ఎక్కణ్ణించి తాగుతోందో పట్టుకోవాలంటే ఇంజన్‌లోకి గాలి కొట్టి చూడాలి. కంప్రెసర్ పెడితే ఉన్న సీళ్లు కూడా ఎగిరిపోతాయి, కొంచెం గాలే కొట్టాలి, ఎంత కొట్టామో కొలవాలి. రెండు రోజులు ఆలోచించినా తోచలేదు. మా అమ్మ ఏఎన్‌ఎంగా చేసి రిటైరయింది. మూడో రోజు పొద్దున ఆమె పక్కింటావిడకు బీపీ చూస్తుంటే ఆ ముల్లు మూడు వందల దాకా ఎక్కి మెల్లగా దిగడం చూశాను. రబ్బరు బుడ్డి, గొట్టం, డయలు. గాలి కొట్టడం, కొలవడం, వదలడం మూడూ అందులోనే ఉన్నాయి. మూడు వందల మిల్లీమీటర్ల పాదరసం అంటే టైర్లలో గాలి కొట్టే లెక్కలో 6 పీఎస్‌ఐకి కాస్త తక్కువ. ఇలాంటి ఇంజన్‌ను పరీక్షించడానికి సరిగ్గా అంతే కావాలి. ఈ ఆరేళ్లలో ఈ బండితో నాకు కలిగిన అతి పెద్ద ఆనందం ఏదంటే అదే, ఆ నిమిషమే.

చేసిన పద్ధతి ఇది. సైలెన్సర్లు రెండూ ఊడదీసి ఆ నోళ్లలో సైకిల్ ట్యూబు ముక్క చుట్టిన కొయ్య బిరడాలు దిగ్గొట్టాను. కార్బొరేటర్ తీసి, దాని చోట రబ్బరు షీటు, పైన ఇనుప పలక పెట్టి అవే స్టడ్డులకు బిగించాను. పాత ప్లగ్ లోపలి పింగాణీ పగలగొట్టి, ఆ కన్నంలో బీపీ గొట్టం దూర్చి ఆరల్డైట్ పెట్టాను. పిస్టన్‌ను పూర్తిగా కిందికి దింపాలి, అప్పుడే పైనా కిందా ఒకటే గదిలా కలుస్తాయి. డైనమో విప్పి పక్కన పెట్టాను. ఇక బుడ్డి నొక్కడమే. ఎంత నొక్కినా ముల్లు నలభై దాటట్లేదు. అమ్మ చూసి వచ్చి, “ఆ మర బిగించకుండా కొడితే గాలి ఎలా నిలబడుద్దిరా” అని బుడ్డి నా చేతిలోంచి తీసుకుని మర బిగించి తనే కొట్టింది. మూడు వందలకు ఎక్కింది. మర బిగించినా పది సెకన్లలో సున్నాకి పడిపోయింది.

సర్ఫు నురగ బ్రష్‌తో పూస్తూ పోయాను. హెడ్ దగ్గర ఏమీ లేదు, సిలిండర్ కింద ప్యాకింగ్ దగ్గరా లేదు. గేర్‌బాక్సులో ఆయిల్ పోసే కన్నం మీద నురగ పొర పెట్టి చూశాను, ఎడమ పక్క సీలు పోతే అక్కడ ఉబ్బాలి. ఉబ్బలేదు. డైనమో వెనక సీలు చుట్టూ పూయగానే, కింద ఏడు గంటల ముల్లు ఉండే చోట, సన్న బుడగలు చీమలబారులా వరసగా రావడం మొదలుపెట్టాయి. అమ్మ కొడుతూనే ఉంది, అవి వస్తూనే ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. పాయింట్లు చూడటానికి ఆ మూత తీసిన ప్రతిసారీ డైనమో వెనక సన్నగా నూనె తడి ఉండేది. పాత బండి, మురికి అనుకుని ప్రతిసారీ గుడ్డతో తుడిచేసేవాణ్ణి. పీల్చే సీలు నొక్కినప్పుడు వదులుతుంది కూడా. సాక్ష్యాన్ని నా చేత్తో నేనే పది నెలలు తుడిచాను.

కానీ అది నేను వేసిన కొత్త సీలే! అది పీకి క్రాంకు మీద గోరుతో గీరి చూస్తే తెలిసింది. ముప్పై ఏళ్లు పాత సీలు పెదవి రాసుకుని రాసుకుని ఇనుము మీద చుట్టూ గాడి పడింది. కంటికి మెరుపులా కనపడుతుందంతే, గోరు మాత్రం అక్కడ టక్కున ఆగుతుంది. కొత్త సీలు పెదవి సరిగ్గా ఆ గాడిలోనే కూర్చుంది. క్రాంకు చేసిన లేత్ వాళ్లు ఆ చోటు చూసి ఉండాల్సింది, రాడ్డు మార్చి బిల్లు తీసుకుని పంపించేశారు. వాళ్లనే అని ఏం లాభం, నేనూ గోరు పెట్టి చూడలేదు. మేస్త్రీగారు చెప్పిన ఉపాయం, కొత్త సీలును చివరిదాకా దిగ్గొట్టకుండా ఒక మిల్లీమీటరు బయటికే ఆపడం. అప్పుడు పెదవి గాడి మీద కాకుండా అరగని చోట నిలబడుతుంది. అలాగే చేశాను. మళ్లీ గాలి కొడితే అయిదు నిమిషాలకు మూడు వందల నుంచి రెండు వందల ఎనభైకి దిగింది, అంతే.

ఆ తర్వాత నీడిల్ పాత గాడికి దించాను, జెట్ పాతదే వేశాను, జికోవ్ కార్బొరేటరే మళ్లీ పెట్టాను. కొన్న మికార్బ్ అట్టపెట్టెలో ఉంది. స్లోలో వదిలేస్తే ఇప్పుడు ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకోవచ్చు. యాక్సిలరేటర్ తిప్పి వదిలితే వెంటనే దిగుతుంది. ప్లగ్ తీస్తే వక్కపొడి రంగు. నాన్న ఏమీ అనలేదు, వరండాలోంచి లేచి వచ్చి సీటు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు.

మొదట్లో ఒక్క కిక్కుకే అందుకుంటుందని ఊరంతా చెప్పానని అన్నాను కదా. అది చల్లగా ఉన్నప్పుడు మాట. టీ కోసం పది నిమిషాలు ఆపి మళ్లీ కొడితే ఎండాకాలంలో నాలుగైదు పడుతుంది, ఒక్కోసారి తోసుకోవాల్సి కూడా వస్తుంది. 6 వోల్టుల హెడ్‌లైటుతో చీకటిపడ్డాక ఊరు దాటను. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఈ బండికి పడదు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్ మీద మళ్లీ గాలి ఎక్కువైనట్టే నడుస్తుంది. గాలి తాగడం ఆగాక దించిన మెయిన్ జెట్‌ను పోయిన ఏడాది మళ్లీ ఒక సైజు పెంచక తప్పలేదు, ఈసారి కారణం వేరు. లీటరుకు 40 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలుపుతాను, తగ్గించమని చెప్పినవాళ్లున్నారు గానీ ఆ పొన్నూరు రోడ్డు గుర్తొచ్చి ధైర్యం చాలదు. వారానికి మించి నిలబెట్టాలంటే కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేసి పెడతాను, ఇథనాల్ నీరు పీల్చుకుంటుంది, లోపలంతా తెల్లటి చెత్త పేరుకుంటుంది.

ఇలాంటి బండి కొనుక్కోవచ్చా అని అడిగేవాళ్లకు నేను చెప్పగలిగేది నా సంగతే. నాకు పెరట్లో షెడ్డు ఉంది, ఆటోనగర్ గంట దూరం, మా ఊరి చుట్టుపక్కలంతా చదునైన రోడ్లు, ఆదివారం ఇరవై ముప్పై కిలోమీటర్లకు మించి తిప్పను, ఆఫీసుకు వేరే బండి ఉంది. ఇవన్నీ లేకుండా ఇదొక్కటే పెట్టుకుని ఉంటే ఆ పది నెలల్లోనే అమ్మేసి ఉండేవాణ్ణేమో. అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉండేవాళ్లకు నేనైతే చెప్పను. ఆర్సీ రెన్యువల్ అయిదేళ్లకోసారి ఉండనే ఉంటుంది. యాభై ఏళ్లు నిండితే వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోమంటున్నారు, 2021 రూల్స్ ప్రకారం అది తీసుకుంటే మామూలుగా రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకే. నాకది వద్దు.

సీలు కూడా శాశ్వతం కాదని మొన్న ఫిబ్రవరిలో తెలిసింది. ఏటా ఒకసారి గాలి కొట్టి చూసి నోటుబుక్కులో రాసుకుంటాను, ఈసారి అయిదు నిమిషాలకు రెండు వందల నలభైకి దిగింది. స్లో ఇంకా బాగానే ఉంది, నాన్నకూ తేడా వినపడలేదు, కానీ అంతకుముందు ఏడాది రెండు వందల డెబ్బై దగ్గర నిలిచింది. వేడినీ ఇథనాల్‌నీ తట్టుకుంటుందని ఈసారి వైటాన్ రబ్బరుది తెప్పించాను, ధర మూడింతలు. ఈ వర్షాలు తగ్గగానే విప్పుతాను. పాత బీపీ మిషన్ ఇక బండిదే, అమ్మ తనకు బ్యాటరీది కొనుక్కుంది.