పీఎస్4 వేడెక్కుతోందని ‘కూలింగ్ కిట్’ కొంటున్నారా? ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి

పాత పీఎస్4 (ప్లేస్టేషన్ 4 గేమింగ్ మెషీన్) ఉన్న ఇళ్లలో ఎండాకాలం వచ్చిందంటే ఇదే గొడవ. గేమ్ మొదలైన కాసేపటికే ఫ్యాన్ హోరెత్తుతుంది, ఆపైన బాగా వేడెక్కింది, ఆపేయమని స్క్రీన్ మీద మెసేజ్ వస్తుంది. మా ఇంట్లోనూ అదే మొదలైతే, ఓ ఆన్‌లైన్ సైట్‌లో కిట్ తెప్పించాను. థర్మల్ పేస్ట్ సిరంజి, స్క్రూడ్రైవర్, తుడిచే గుడ్డ. ఫొటోల్లో అంతా బాగుంది, రేటింగ్ కూడా బాగుంది. దయచేసి అలాంటివి కొనకండి.

ముందు స్క్రూడ్రైవర్ సంగతి. పీఎస్4 మొదటి మోడల్ వెనక స్క్రూలకు నక్షత్రం ఆకారం గాడి, దాని మధ్యలో సన్నటి పిన్ను ఉంటాయి. కాబట్టి స్క్రూడ్రైవర్ కొసకు బెజ్జం ఉండి తీరాలి. సెక్యూరిటీ టార్క్స్ అని అడగాలి. వీళ్లు పంపినదానికి బెజ్జమే లేదు. బలవంతంగా తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది, ఇక ఊడిరాదు.

అసలు మోసం పేస్ట్‌లో ఉంది. సిరంజి నొక్కగానే ముందు పసుప్పచ్చటి నూనె కారింది, వెనకే గట్టిపడ్డ బూడిదరంగు ముద్ద. గాజు పలక మీద పూసి చూస్తే నూనె అంచులకు పాకింది, మధ్యలో గరుగ్గా పొడి మిగిలింది. చిప్‌కీ దాని వేడిని లాగేసే లోహపు దిమ్మ హీట్‌సింక్‌కీ మధ్య కంటికి కనపడని సందుల్ని నింపి వేడిని దాటించడమే పేస్ట్ పని. పీఎస్4లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే చిప్‌లో ఉంటాయి, వేడంతా ఆ కాస్త చోటే పుడుతుంది. అక్కడ ఈ సరుకు పూస్తే ఎండిపోయిన పాత పేస్టే నయం.

రిటర్న్ పెడితే ‘సీల్ తీసేశారు’ అని తిరస్కరించారు. సీల్ తీయకుండా లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? నకిలీ సరుకును, ప్రకటనలో చెప్పినట్టు లేనిదాన్ని వెనక్కి తీసుకోనని అమ్మినవాడు అనడానికి 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాకే డబ్బు వెనక్కి వచ్చింది.

నాకు ఇంకా భయంగా ఉన్నది వేరే. అదే లిస్టింగ్‌లో ‘పీఎస్5కు కూడా’ అని రాశారు. పీఎస్5 చిప్ మీద ఉండేది మామూలు పేస్ట్ కాదు, ద్రవ లోహం. అది కరెంటును ప్రవహింపజేస్తుంది. ఒక్క చుక్క బోర్డు మీదికి జారినా షార్ట్ అయి మెషీన్ పోవచ్చు. పీఎస్5 వేడెక్కుతుంటే పక్క ప్లేటు తీసి, దుమ్ము చేరేందుకే పెట్టిన రంధ్రాల దగ్గర వ్యాక్యూమ్ పెట్టండి. అంతకంటే లోపలికి వెళ్లొద్దు.

పీఎస్4కైనా ముందు దుమ్మే చూడండి. ప్లగ్ తీసేసి, ఫ్యాన్ తిరక్కుండా వేలితో పట్టుకుని గాలి కొట్టండి. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పకండి, ప్లగ్ తీశాక కూడా అందులో చార్జ్ నిలిచి ఉంటుంది. పేస్ట్ మార్చక తప్పదంటే తెలిసిన కంప్యూటర్ షాపులో బిల్లుతో కొనండి. నేను చివరికి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్నాను, ఇప్పుడు ఫ్యాన్ చప్పుడు పక్క గదికి వినిపించడం లేదు.

ఇప్పటికే ఇలాంటి కిట్ కొన్నవాళ్లు రిటర్న్ గడువు దాటకముందే, వీడియో తీస్తూ సిరంజి తెరవండి. నూనె విడిగా కారితే ఆ వీడియోతోనే వాపసు అడగండి.