ఒక్కసారే వచ్చే మనిషికి ఏ పరీక్ష మేలు?

పలాసలో జీడిపిక్కలు ఒలిచే మా పిన్నికి 52 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు రమ్మంటే, "ఏటే గుంటా, రోగం నేకుండా పరీచ్చలేటి?" అంది. పని మానితే ఆ రోజు కూలి పోతుంది మరి. ఎలాగో ఒకసారి తీసుకెళ్లగలను, రెండోసారి రాదు. ఏ పరీక్ష మంచిదో ఈ లెక్కతోనే చూడాలి.

ఊళ్లలో తేలిగ్గా అయ్యేది వయా (VIA) అనే పరీక్ష. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే దాదాపు వెనిగరే, ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగుతారు. తెల్లమచ్చ లేస్తే అనుమానం. నర్సు చేసేయగలదు, ఖర్చు తక్కువ, ఫలితం అక్కడికక్కడే. ముప్పై, నలభై ఏళ్లవాళ్లకు నేను కాదనను. కానీ ముట్లు ఆగిపోయాక, చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది, కంటికి అందదు. పిక్క పైన చూసి లోపలి పప్పు పుచ్చిందో లేదో చెప్పమన్నట్టే. పిన్నికి ఇది కుదరదు.

పాప్ స్మియర్‌లో కణాలను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఒకసారికి తప్పిపోవచ్చు కాబట్టి మూడేళ్లకోసారి చేయాలంటారు. పిన్ని సంగతి ముందే చెప్పాను.

ఇక హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష. హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. పుల్లతో లోపలి నుంచి తీసిన నమూనాలో దాని జాడ ఉందేమో చూస్తారు. ఈ క్యాన్సర్‌కు మూలం ఈ వైరసేనని తేల్చినందుకు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. ఈ వైరస్‌లో 16, 18 అనే రెండు రకాలే దాదాపు 70 శాతం కేసులకు కారణం. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్‌లో లక్షమందికి పైగా పల్లె ఆడవాళ్లను ఎనిమిదేళ్లు గమనించారు. ఒక్కసారి ఈ పరీక్ష చేసిన గుంపులో, ఏ పరీక్షా చేయని గుంపుతో పోలిస్తే, ఈ క్యాన్సర్ చావులు దాదాపు సగానికి తగ్గాయి. వయా గుంపులో, పాప్ గుంపులో అంత తేడా కనబడలేదు. 2009లో వచ్చిన ఆ లెక్కే నన్ను ఇటు లాగింది.

దీనికీ ఒక లోపముంది. వైరస్ ఉన్నంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదు. చాలామందిలో ఏడాది, రెండేళ్లలో దానంతటదే పోతుంది. అందరినీ బెదరగొడితే ఎలా? ఇక్కడ పీ16 పనికొస్తుంది. కణం విభజన చెందకుండా పట్టే బ్రేకు లాంటి ప్రోటీన్ అది. వైరస్ తాలూకు ఈ7 (E7) అనే ప్రోటీన్, కణంలోని ఆర్‌బీ అనే కాపలాదారును పడగొడుతుంది. వైరస్‌దే ఇంకో ప్రోటీన్ ఈ6 (E6), మరో కాపలాదారు పీ53ని తినేస్తుంది. ఆర్‌బీ పోయాక పీ16 విపరీతంగా పెరుగుతుంది, అయినా విభజన ఆగదు. విభజన జరుగుతోందని చెప్పే గుర్తు కీ-67. బ్రేకు, పరుగు రెండూ ఒకే కణంలో కనబడ్డాయంటే లోపల వ్యవహారం చెడుతున్నట్టే. పీ16కు, కీ-67కు వేర్వేరు రంగులు అద్ది చూసే ఈ జంట రంగుల పరీక్షకు పెద్ద ల్యాబు కావాలి కనుక మొదటి జల్లెడగా పనికిరాదు. వైరస్ ఉందని తేలినవాళ్లకు రెండో జల్లెడగా మాత్రం ఇదే నాకు నచ్చింది.

వైరస్ ఉందని వస్తే పెద్దాసుపత్రికి రావాల్సిందేనని పిన్నికి ముందే చెప్పాను. అదంతా విని ఒకటే అడిగింది: "ఆ పుల్ల నానే ఎట్టుకోవచ్చేటి? డాట్రు సూడక్కర్నేదా?"

నమూనా నువ్వే తీసుకోవచ్చు పిన్నీ, అన్నాను.

"అయితే సాయంత్రం పని దిగాక తే."