ఎక్కడా దిగని రెండు రోజులు: సియాటెల్ నుంచి అలాస్కా షిప్పులో

అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తే ఎక్కడికి తీసుకెళ్లాలన్నది సియాటెల్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లల్లో ప్రతి వేసవీ వచ్చే ప్రశ్నే. నయాగరా అంటే విమానం, ఎల్లోస్టోన్ అంటే రోజంతా కారు. నాన్నకి మోకాళ్ల నొప్పులు. అందుకే ఈసారి సియాటెల్‌లోని పియర్ 91 రేవులో అలాస్కా షిప్పు ఎక్కాం. ఏడు రాత్రులు. జూనో, సిట్కా, కెచికాన్, విక్టోరియా ఊళ్లు. మిగతా రెండు రోజులు నీళ్ల మీదే. టికెట్లు కొనేటప్పుడు ఆ రెండూ దండగ అనుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో చెప్పుకునేదంతా వాటి గురించే.

ముందు వీసా సంగతి. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న షిప్పు సియాటెల్‌లో ఎక్కించుకున్నవాళ్లని మళ్లీ అక్కడే దించాలంటే మధ్యలో పరాయి దేశపు రేవు తగలాలి. అందుకే కెనడాలోని విక్టోరియాలో ఆగుతారు. అంటే ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న తల్లిదండ్రులకి కెనడా వీసా ఉండాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి అక్కర్లేదు. నెలల ముందే అప్లై చేస్తే టెన్షన్ ఉండదు.

రెండో రోజు తెల్లారేసరికి చుట్టూ సముద్రమే. వాంకూవర్ ద్వీపానికి పడమటి వైపు పసిఫిక్‌లో షిప్పు బాగా ఊగింది. అమ్మకి కడుపులో తిప్పింది. క్యాబిన్‌కి వచ్చే అబ్బాయి గోవా వాడు, పచ్చి ఆపిల్ ముక్కలూ అల్లం మిఠాయీ తెచ్చిపెట్టాడు. పది గంటలకి లేచి కూర్చుంది. మేం కింది అంతస్తులో, షిప్పు నడిమధ్యన క్యాబిన్ తీసుకోవడం మంచిదైంది. అక్కడ ఊపు తక్కువ.

నాన్న మాత్రం ఆరింటికే కాఫీ కప్పుతో ప్రొమెనాడ్ డెక్ మీద ఉన్నారు. షిప్పు చుట్టూ తిరిగి వచ్చే కొయ్య నడవా అది. మూడు చుట్లు వేస్తే ఒక మైలు. మోకాళ్లు పట్టేస్తే పక్కనే పడక కుర్చీ, దాని మీద దుప్పటి. లైబ్రరీలో ఒక బల్ల మీద వెయ్యి ముక్కల జిగ్సా పజిల్ పరిచి ఉంచారు. దారిన పోయేవాళ్లు కూర్చుని నాలుగు ముక్కలు పెట్టి వెళ్తారు. అమ్మ అక్కడ ఒక అమెరికన్ పెద్దావిడ పక్కన చేరింది. మాటలు కలిసే వీల్లేదు. ఆవిడ నీలం ముక్కలు ఏరి అమ్మ ముందుకి జరిపేది, అమ్మ అంచులు తడిమి చూసి అతికించేది. రెండు గంటలు అలాగే గడిచాయి. ఆ సాయంత్రం గడియారం గంట వెనక్కి తిప్పుకోమన్నారు, అలాస్కా టైమ్. గంట నిద్ర కలిసొచ్చింది.

తిండి దగ్గర కొంచెం జాగ్రత్త. బఫేలో కూరగాయల సూప్ అని తెచ్చుకుంటే అది చికెన్ నీళ్లతో కాచినదని తర్వాత తెలిసింది. అమ్మ చాలా బాధపడింది. ముందే అడగాల్సింది, తప్పు నాదీ ఉంది. ఆ రాత్రే డైనింగ్ హాల్ పెద్దాయనతో మాట్లాడితే మర్నాటి నుంచి పప్పు, అన్నం, ఒక కూర విడిగా చేయించారు. ఇంటి పచ్చడి తేనివ్వరు, సీలు తీయని ప్యాకెట్లకి మాకు అడ్డు చెప్పలేదు.

దిగని రెండో రోజు గ్లేసియర్ బే, అంటే అలాస్కాలో హిమానీనదాలున్న అఖాతం, అదొక నేషనల్ పార్కు. రోజుకి రెండే పెద్ద షిప్పుల్ని అనుమతిస్తారు. పొద్దున్నే పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి షిప్పెక్కి, రోజంతా మైకులో వివరించారు. 250 ఏళ్ల కిందట ఈ బే అంతా మంచేనట. ఇప్పుడు మంచు దగ్గరికి చేరాలంటే ముఖద్వారం నుంచి 65 మైళ్లు లోపలికి పోవాలి. మార్జరీ హిమానీనదం ముందు షిప్పు ఆగింది. నీటిపైన 250 అడుగుల నీలి గోడ. వేలమంది ఉన్న డెక్ మీద ఎవరూ మాట్లాడటం లేదు. ఒక మూల నుంచి ఇంత ముక్క ఊడిపడింది. ముందు అది రాలడం కనిపించింది, తర్వాత ఉరుములాంటి చప్పుడు వినిపించింది. నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. షిప్పు మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి అన్ని వైపుల వాళ్లకీ కనిపిస్తుంది. దీనికోసం బాల్కనీకి అంత డబ్బు పెట్టనక్కర్లేదు. పెద్దవాళ్లకి కిటికీ ఉన్న గది చాలు.

ఊళ్ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. సిట్కా ప్రశాంతంగా బాగుంది. జూనో, కెచికాన్ రేవుల దగ్గర నగల దుకాణాలే ఎక్కువ, ఒకేసారి నాలుగైదు షిప్పుల జనం. నాన్న రెండు చోట్లా గంటలో వెనక్కి వచ్చేశారు. టిప్పుల కింద మనిషికి రోజుకి 17 డాలర్లు బిల్లులో వేశారు, టికెట్ ధర చూసుకునేటప్పుడు అదీ కలుపుకోవాలి.

మళ్లీ వెళ్తే ఊళ్లు ఎన్ని అని చూడను, గ్లేసియర్ బే ఉందా లేదా అని చూస్తాను. ఆఖరి రాత్రి విక్టోరియాలో దిగుదామంటే అమ్మ రానంది. పజిల్‌లో ఆకాశం ఇంకా మిగిలే ఉంది, ఆ పెద్దావిడ ఎనిమిదింటికి వస్తానని వేళ్లతో లెక్కపెట్టి చెప్పిందట.