కోచ్‌ను నమ్మాలా, లెక్కల్నా?

కంఠీరవ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక కబ్బన్ పార్క్ స్టేషన్‌లో వైట్‌ఫీల్డ్ మెట్రో ఎక్కితే చాలు, మా బావమరిదితో ఇదే గొడవ. వాడిది ఆటగాళ్ళను లెక్కలు చూసి ఎంచుకునే ఇంగ్లండ్ క్లబ్ బ్రెంట్‌ఫర్డ్ దారి, నాది కోచ్‌ను నమ్మిన పాత బెంగళూరు ఎఫ్‌సీ దారి.

బ్రెంట్‌ఫర్డ్ ఓనర్ మాథ్యూ బెన్‌హమ్ బెట్టింగ్ లెక్కల్లో పండినవాడు. 2017లో ఎక్సెటర్ క్లబ్ నుంచి తెచ్చిన ఆలీ వాట్కిన్స్‌ను 2020లో ఆస్టన్ విల్లా క్లబ్‌కు ఎన్నో రెట్ల ధరకు అమ్మేశారు. గోల్స్ కొట్టేవాణ్ణి అమ్ముకుని కూడా మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లో పై మెట్టు ప్రీమియర్ లీగ్‌కెక్కారు! కోచ్ పోయినా కంగారుండదు. డీన్ స్మిత్ వెళ్తే సహాయకుడు థామస్ ఫ్రాంక్, 2025లో ఆయనా వెళ్తే సెట్‌పీస్ (ఫ్రీకిక్, కార్నర్ లాంటివి) కోచ్ కీత్ ఆండ్రూస్.

మన బెంగళూరులోనూ ఇంట్లోవాడికే పగ్గాలిచ్చిన రోజులున్నాయి. ఆల్బర్ట్ రోకా పక్కన పనిచేసిన కార్లెస్ క్వాద్రాత్ 2018లో కోచ్ అయ్యి, ఆ సీజన్‌లోనే ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిపించాడు. 2021 జనవరిలో ఆయన్ని పంపేశాక బయటివాళ్ళను తెచ్చారు. ముందు పెజ్జయువోలి, తర్వాత గ్రేసన్.

లెక్కలు వద్దనను. కానీ కోచ్ మారినప్పుడల్లా కావాల్సిన ఆటగాడి కొలతే మారిపోతే, ఆ లెక్కలెవరికి? ఇక్కడికొచ్చేసరికి బావమరిది ఫోన్ చూసుకుంటాడు.