ఫోను వాలెట్టా, హార్డ్‌వేర్ వాలెట్టా?

బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో నాణేలు ఈ రెండింటిలోనూ ఉండవు. అవి బ్లాక్‌చెయిన్‌లోనే, అంటే ఎన్నో కంప్యూటర్లు కలిసి నడిపే ఉమ్మడి లెక్కల పుస్తకంలోనే ఉంటాయి. వాలెట్ దాచేది వాటిని కదిలించే రహస్య తాళంచెవిని. అది ఎక్కడ ఉందన్నదే అసలు తేడా.

ఫోను వాలెట్ సాధారణంగా ఉచితం, చెల్లింపు చిటికెలో అయిపోతుంది. కానీ తాళంచెవి ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న పరికరంలోనే ఉంటుంది. దొంగ సాఫ్ట్‌వేర్ చొరబడితే, నాణేలు పంపడానికి మీరు కాపీ చేసిన వాలెట్ చిరునామా స్థానంలో మరొకరిది పెట్టేయగలదు. చిల్లర ఖర్చులకు మించి అందులో ఉంచకండి.

హార్డ్‌వేర్ వాలెట్ అంటే తాళంచెవిని దాచే చిన్న ప్రత్యేక పరికరం. దాన్ని డబ్బు పెట్టి కొనాలి, ప్రతిసారీ బయటికి తీయాలి. ఆ శ్రమకు ఫలితం ఉంది: లావాదేవీని ఆమోదించే డిజిటల్ సంతకం పరికరం లోపలే జరుగుతుంది, తాళంచెవి బయటికి రాదు. చిరునామాను దాని సొంత తెరపై చూసి, మొదటి నాలుగు అక్షరాలతో ఆపేయకుండా, మొత్తం సరిపోల్చాకే మీట నొక్కండి. మొదలూ చివరా ఒకేలా ఉండే నకిలీ చిరునామాలు సృష్టించే మోసగాళ్లున్నారు. కొనేటప్పుడు నేరుగా తయారీదారు దగ్గరే కొనండి. పెట్టెలో రికవరీ పదాలు (తాళంచెవిని తిరిగి రాబట్టే పదాల వరుస) ముందే రాసి ఉంటే ఆ పరికరాన్ని అసలు వాడకండి.

దాచుకునే సొమ్ముకు నా ఓటు హార్డ్‌వేర్ వాలెట్‌కే. అయితే రికవరీ పదాలు (సాధారణంగా 12 లేదా 24) పరుల చేతికి చిక్కితే ఏ వాలెట్టూ కాపాడలేదు. వాటిని కాగితంపై రాయండి, ఫొటో తీయకండి. సహాయ సిబ్బందిమంటూ ఆ పదాలు అడిగేవారు ఎవరైనా మోసగాళ్లే.